పొట్టి, నడిమి, పొడుగు

నాకు క్రోషే, అంటే కొక్కెం సూదితో దారం అల్లడం, నేర్పింది మా మామ్మ కాదంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. నరసాపురం పక్కన పుట్టి, పొద్దస్తమానం లేసు అల్లే ఇంట్లో పెరిగి, చివరికి ఆ సూది చేత్తో పట్టుకున్నది ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చాక, అదీ ఇంగ్లండులో, లీడ్స్‌లో, లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం ముందేసుకుని. చెప్పుకోవడానికి నాకే ఎలాగో ఉంటుంది. కానీ జరిగింది అదే.

మా ఇల్లు నరసాపురం నుంచి మొగల్తూరు వెళ్ళే దారిలో ఉండేది. మధ్యాహ్నం అన్నాలు తిని, గిన్నెలు తోముకున్నాక మా వీధరుగు మీద నలుగురైదుగురు చేరేవారు, ఎవరి చెంబు వాళ్ళు తెచ్చుకుని. చెంబు నీళ్ళకి కాదు. దారపుండ అందులో వేసి కొస పైకి తీసుకుంటే ఉండ దొర్లిపోదు, మట్టి అంటుకోదు. చేతులు సబ్బుతో కడుక్కుని, కాస్త పౌడరు రాసుకుని మరీ కూర్చునేవారు. ఎందుకంటే తెల్లదారం మీద చెమట మరక కనిపించిందంటే శనివారం వచ్చే ఏజెంటు ఆ పువ్వుని తీసి పక్కన పడేసేవాడు, పడేసినదానికి డబ్బులుండవు, పైగా దారం ఖరీదు కోసుకునేవాడు. ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడంటే అరుగంతా నిశ్శబ్దం.

ఒక్కళ్ళే కూర్చుని మొత్తం కవరు అల్లడం అనేది మా దగ్గర తక్కువ. కొందరు పువ్వులు అల్లేవారు, ఇంకొకరు వాటిని కలిపే అతుకుపని చేసేవారు. అతికాక అది ఎంత పెద్ద టేబుల్ క్లాత్ అవుతుందో, ఏ దేశంలో ఎవరి బల్ల మీదకి వెళ్తుందో పువ్వు అల్లిన మనిషికి తెలీదు. మా ఇంట్లో ఉన్నదల్లా మిగులు దారంతో చేసిన టీవీ కవరు ఒకటి, అది కూడా మూడు రకాల తెలుపు.

మామ్మది పువ్వుల పని. డజను పువ్వుల్ని దారానికి గుచ్చి కట్ట కట్టడం, నోటుబుక్కులో లెక్క రాయడం నా పని. ఆవిడకి చదువు రాదు, రేషన్ డిపోలో కూడా వేలిముద్రే. అల్లుతున్నంతసేపూ నోట్లో ఒకటే గొణిగేది. "పొట్టి, నడిమి, పొడుగు, పొడుగు, పొడుగు, నడిమి, పొట్టి." మళ్ళీ మొదటికి. దానికి ఒక రాగం కూడా ఉండేది, చివరి పొట్టి దగ్గర కాస్త ఆగేది. నేను అదేదో పాట అనుకుని తొక్కుడుబిళ్ళ గళ్ళు దూకుతూ పాడుకునేదాన్ని. గళ్ళకి సరిగ్గా సరిపోయేది.

ఆ సూది నేనెప్పుడు పట్టుకోబోయినా లాక్కునేది. "ఇది చేతికి తగులుకుంటే వదలదే అమ్మడూ. పుస్తకం తీ." అత్తలిద్దరికీ ఎనిమిదో ఏట నేర్పిన మనిషి నాకు మాత్రం నేర్పలేదు. అప్పుడు కోపం వచ్చేది.

ఆవిడ కొత్త పువ్వు నేర్చుకునే పద్ధతి మాత్రం నాకు బాగా గుర్తు. ఏజెంటు ఎలా అల్లాలో రాసిన కాగితం ఏమీ ఇచ్చేవాడు కాదు, ఒక శాంపులు పువ్వు ఇచ్చేవాడు. దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకునేది. తిరగేసేది. బొటనవేలి గోరుతో మధ్యలోంచి బయటికి ఒక్కొక్క కాడా తడుముకుంటూ వెళ్ళేది, పెదాలు కదులుతూ. పది నిమిషాలయ్యాక "ఇదిగో, తీసుకెళ్ళండి" అని వెనక్కి ఇచ్చేసేది. తర్వాత అరుగు మీద మిగతావాళ్ళు ఆ పువ్వు కోసం మామ్మ ముందు కూర్చోవాల్సిందే.

1840ల్లో మిషనరీలు వచ్చి నేర్పితే ఈ పని గోదావరి ఒడ్డున పాతుకుపోయిందని మా ఊరివాళ్ళు చెప్పుకుంటారు. ఐర్లండులో బంగాళాదుంప పంట పోయి కరువు పట్టినప్పుడు ఆడవాళ్ళు క్రోషే లేసు అల్లి ఇళ్ళు నడిపింది కూడా ఆ రోజుల్లోనే. ఇది నాకు లీడ్స్‌లో తెలిసింది, ఎందుకు చెప్తున్నానో తర్వాత చెప్తా.

2011లో మా ఆయన ప్రాజెక్టు మీద లీడ్స్ వెళ్ళాం. నవంబరుకల్లా నాలుగింటికే చీకటి. నాకు ఐదో నెల, ఉద్యోగం లేదు, మాట్లాడ్డానికి మనిషి లేదు. ఒక సెకండ్‌హ్యాండ్ కొట్లో నాలుగు మిల్లీమీటర్ల హుక్కు ఒకటి, లేత పసుపు ఊలు ఉండలు రెండు చవగ్గా కనిపిస్తే కొన్నాను. పుట్టబోయే బిడ్డకి టోపీ అల్లేద్దాం, మా రక్తంలోనే ఉంది కదా అనుకున్నాను. రక్తంలో ఏమీ లేదని అర్ధగంటలో తేలిపోయింది.

లైబ్రరీ పుస్తకం తెరిస్తే మొదటి పేజీలోనే టెన్షన్ అని పెద్ద అక్షరాలు. నాకున్నది చాలదన్నట్టు. చదివితే తేలిందేమిటంటే, అల్లిక ఎంత బిగుతుగా ఉందో చూసుకోవడం. నాలుగంగుళాల చదరం ముక్క ఒకటి అల్లి, అందులో ఎన్ని కుట్లు, ఎన్ని వరసలు వచ్చాయో లెక్కపెట్టి, పుస్తకంలో అంకెతో సరిపోతేనే ముందుకెళ్ళమంటాడు. ఎక్కువొస్తే పెద్ద హుక్కు, తక్కువొస్తే చిన్న హుక్కు. ఆ పేజీ తిప్పేశాను. కొత్తవాళ్ళందరం తిప్పేస్తాం.

కుట్లు ఎలా వెయ్యాలో బొమ్మలు చూస్తే అర్థం కాక యూట్యూబ్‌లో ఒక అమెరికా ఆవిడ వీడియో చూసి నేర్చుకున్నాను. ముందు ఆవిడ చెప్పిన మఫ్లర్. 22 గొలుసులు, అంటే ఒకదాంట్లోంచి ఒకటి లాగిన ఉచ్చులు, వేసి, హుక్కు నుంచి నాలుగో గొలుసులో మొదటి డబుల్ క్రోషే అనే కుట్టు. అప్పుడు వరసకి 20 కుట్లు రావాలి. 22 వేస్తే 20 ఎలా వస్తాయో నాకు రెండు రోజులు పట్టింది: వదిలేసిన మూడు గొలుసులు నిలబడి ఒక కుట్టు కింద లెక్క, మిగతా 19 గొలుసుల్లో 19 కుట్లు. హుక్కు మీద ఉన్న ఉచ్చు లెక్కలోకి రాదు. ఇదొక్కటి మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే నేను మూడుసార్లు విప్పేదాన్ని కాదు.

సరే, రెండో వరసకి తిప్పి మళ్ళీ మూడు గొలుసులు వేశాను. అవి మొదటి కుట్టు. వరస చివర ఆఖరి కుట్టు, కింద వరసలో అలాగే నిలబడ్డ మూడు గొలుసుల తల మీద వెయ్యాలి. అది కుట్టులా కనిపించదు, పక్కకి వాలిపోయి ఏదో మిగిలిపోయిన దారంలా ఉంటుంది, కాబట్టి నేను దాన్ని ప్రతిసారీ వదిలేశాను. ఎనిమిదో వరసకి లెక్కపెడితే 13. మఫ్లర్ కాస్తా గోచీగుడ్డలా తయారైంది. మా ఆయన చూసి ఏమీ అనలేదు, అనకపోవడమే ఎక్కువ మండింది.

అల్లిక సూచనల్లో ప్రతి వరస చివరా బ్రాకెట్లో ఒక అంకె ఉంటుంది చూడండి, ఆ వరస అయ్యేసరికి మొత్తం ఎన్ని కుట్లు ఉండాలో చెప్పే అంకె. అది అలంకారం అనుకున్నాను. నిజానికి కొత్తవాళ్ళు పట్టుకోవాల్సింది ఆ ఒక్క అంకెనే, మిగతాది అర్థం కాకపోయినా పర్లేదు.

ఆ తర్వాత టోపీ. ఇది లైబ్రరీ పుస్తకంలోది. నడినెత్తిన ఆరు కుట్లతో మొదలుపెట్టి, వరసకి ఆరు చొప్పున పెంచుతూ 12, 18, 24 అలా వెళ్ళాలి, పళ్ళెంలా చదునుగా రావాలి, తల వెడల్పు వచ్చాక పెంచడం ఆపితే అంచులు కిందికి దిగుతాయి. పుస్తకంలో కుట్టు పేరు డీసీ అని ఉంది. డీసీ అంటే డబుల్ క్రోషే, అమెరికా ఆవిడ దగ్గర నేర్చుకున్నదే కదా అని ధీమాగా వేసుకుంటూ పోయాను. లెక్క తప్పలేదు, ఈసారి అంకెలన్నీ సరిపోయాయి. కానీ వచ్చింది పళ్ళెం కాదు, వేరుశనక్కాయల పొట్లం. కొసగా, నిటారుగా. చేత్తో ఎంత అదిమినా మళ్ళీ లేచి కూర్చుంటుంది.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మతో చెప్పి నవ్వుకుంటుంటే, వెనకాల నుంచి మామ్మ ఫోన్ లాక్కుంది.

"ఏంటే, సూది పట్టావంట?"

"ఊరికే మామ్మా. టోపీ అల్లుతుంటే పొట్లంలా లేచిపోతోంది."

"పొట్టివి వేస్తున్నావా, పొడుగువి వేస్తున్నావా?"

నాకు ఏం చెప్పాలో తెలీలేదు. డబుల్ అన్నాను.

"డబులూ గిబులూ నాకెందుకే. సూదికి దారం ఓసారి చుట్టి లోపలికి గుచ్చుతున్నావా, చుట్టకుండా గుచ్చుతున్నావా?"

"చుట్టి."

"అయితే పొడుగువి. పొడుగుకి ఆరేం చాలతయ్యే, పన్నెండు పెంచాలి. ఆరు పెంచుతావా, పొట్టివెయ్యి. పొట్లంలాగా, గిన్నెలాగా లేచిందంటే పెంచింది చాల్లేదు. చీరంచులాగా మడతలు పడిందంటే ఎక్కువైంది. అంతే." తర్వాత "అన్నం తింటున్నావా సరిగ్గా" అని అడిగి ఫోన్ అమ్మకిచ్చేసింది.

ఏడు సముద్రాల అవతల ఉన్న అల్లికని చూడకుండా, ముట్టుకోకుండా చెప్పింది. నేను రెండు రోజులు పుస్తకం వెనక పేజీలు తిరగేస్తే అసలు సంగతి బయటపడింది. అమెరికా వాళ్ళు సింగిల్ క్రోషే అనే పొట్టి కుట్టుని బ్రిటిష్ వాళ్ళు డబుల్ అంటారు. అమెరికా వాళ్ళ డబుల్ వీళ్ళకి ట్రెబుల్. మధ్యది అక్కడ హాఫ్ డబుల్, ఇక్కడ హాఫ్ ట్రెబుల్. ఒకే పేరు, రెండు కుట్లు. నా చేతులు అమెరికావి, నా పుస్తకం ఇంగ్లండుది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి నేను ముందు చెప్పేది ఇదే: కాగితంలో సింగిల్ క్రోషే అన్న మాట ఎక్కడైనా కనిపిస్తే అది అమెరికా పద్ధతి, ఎందుకంటే ఇప్పటి బ్రిటిష్ పద్ధతిలో ఆ పేరే లేదు. పొట్టి, నడిమి, పొడుగు అని పెట్టుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. మా మామ్మని ఎవరూ అడగలేదు మరి.

టోపీ పొట్టి కుట్లతో రెండు రోజుల్లో అయిపోయింది. పొట్లాన్ని మాత్రం విప్పలేదు, అది ఇప్పటికీ మా అబ్బాయి బొమ్మల డబ్బాలో ఉంది.

తర్వాత నక్షత్రం గుర్తుతో ఇంకో యుద్ధం. కాగితంలో ఒక నక్షత్రం పెట్టి, కొన్ని కుట్లు చెప్పి, "నక్షత్రం నుంచి మళ్ళీ" అంటాడు. నక్షత్రానికి ముందున్నది ఒక్కసారే, తర్వాతిదే మళ్ళీ మళ్ళీ. బ్రాకెట్లో ఉన్నదంతా ఒకే కన్నంలో వెయ్యమని కావచ్చు, లేదా వరసగా ఇన్నిసార్లు చెయ్యమని కావచ్చు, దాని వెనకున్న మాటని బట్టి. నేను ఆ వెనక మాట చదవకుండా ప్రతి కుట్టులోనూ రెండేసి వేసేసుకుంటూ పోయాను. ఆరు వరసలయ్యేసరికి టీ కప్పు కింద పెట్టుకోవాల్సిన గుండ్రటి ముక్క సీతమ్మవారి జడగంటల పువ్వులా కుచ్చులు కుచ్చులుగా తయారైంది. దాన్ని చూసి దిగాలు పడ్డానేగానీ, 1997లో కార్నెల్ యూనివర్సిటీలో డైనా టైమినా అనే గణితం టీచరు కావాలని ఇలాంటిదే అల్లి, కాగితం మీద గీయడం కష్టమైన ఒకరకం జ్యామితిని పిల్లల చేతికిచ్చిందని చాలా ఏళ్ళకి చదివాను. అంటే నాది తప్పు కాదు, సైన్సు. మా ఆయనకి ఆ వ్యాసం చూపించాను కూడా.

ఫిబ్రవరిలో అనుకుంటా, అదే లైబ్రరీలో పాత లేసు పుస్తకం ఒకటి దొరికింది. అందులో ఐరిష్ గులాబీ అని ఒక పువ్వు. ఆరు రేకులు, మూడు అంతస్తులు. ఉంగరంలా కట్టిన గొలుసు చుట్టూ చిన్న వంపులు వేసి, వాటిలో మొదటి వరస రేకులు. ఆ రేకుల వెనక నుంచి ఇంకాస్త పెద్ద వంపులు, వాటిలో పెద్ద రేకులు. మళ్ళీ వెనక నుంచి మూడోసారి. ఫోటో చూస్తుంటే ఎక్కడో చూసినట్టుందే అనిపించింది కానీ గులాబీలన్నీ ఒకేలా ఉంటాయిలే అనుకున్నాను. సూచనల్లో మొదటి రేకు ఇలా ఉంది: ఒక డీసీ, ఒక హెచ్‌టీఆర్, మూడు టీఆర్, ఒక హెచ్‌టీఆర్, ఒక డీసీ.

అప్పటికి బ్రిటిష్ పేర్లు నాకు తన్నుకోకుండా వస్తున్నాయి. డీసీ అంటే పొట్టిది. హెచ్‌టీఆర్ నడిమిది. టీఆర్ పొడుగుది. వేలు పెట్టి మనసులో మార్చుకుంటూ చదివాను.

పొట్టి, నడిమి, పొడుగు, పొడుగు, పొడుగు, నడిమి, పొట్టి.

లైబ్రరీలో పక్కన కూర్చున్న ముసలాయన తలెత్తి చూశాడు, అంటే నేను పైకే అనేసి ఉంటాను. తొక్కుడుబిళ్ళ పాట. ఏడు గళ్ళు. రెండో అంతస్తు రేక్కి మధ్యలో పొడుగులు ఐదు, మూడో దానికి ఏడు. మామ్మ మధ్యాహ్నాలు గొణుగుతుంటే ఆ పాట కొన్నిసార్లు ఎందుకు పొడుగ్గా సాగేదో అప్పుడు తెలిసింది. అక్కడ కరువులో అల్లిన పువ్వూ మా అరుగు మీద అల్లిన పువ్వూ ఒకటే. నేను డజన్లు కట్టి లెక్క రాసిన పువ్వు. ఎన్ని వందల పువ్వులు నా చేతుల మీదుగా వెళ్ళాయో, ఒక్కదాన్నీ ఎప్పుడూ చదవలేదు.

2013 వేసవిలో బాబుని తీసుకుని ఇంటికి వెళ్ళాను. మామ్మకి శుక్లాల ఆపరేషన్ అయింది, అల్లడం మానేసి ఏడాది దాటింది. సూది పెట్టే డబ్బాలో మాత్రలు పెట్టుకుంటోంది. ఏజెంటు పోయాడు, ఆయన కొడుకు ఈ వ్యాపారం చెయ్యట్లేదు. అరుగు ఉంది కానీ మధ్యాహ్నం అందరూ సీరియల్ దగ్గర. నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందుతుందన్న గుర్తింపు, వచ్చిందని 2024లో మా బాబాయి కూతురు వాట్సాప్‌లో పంపినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ ఖాళీ అరుగే.

నేను అప్పటికి మాటల కాగితాలు వదిలేసి గుర్తుల బొమ్మలకి మారాను. జపాన్ వాళ్ళ పుస్తకాల నిండా ఇవే. గొలుసుకి కోడిగుడ్డులాంటి చిన్న సున్నా, పొట్టిదానికి ఇంటూ గుర్తు, నడిమిదానికి ఇంగ్లీషు టీ అక్షరం, పొడుగుదానికి ఆ టీ నడుముకి అడ్డంగా ఒక గీత, ఇంకా పొడుగుదానికి రెండు గీతలు. భాష రాకపోయినా అల్లుకోవచ్చు. ఒక పెద్ద గుండ్రటి డాయిలీ (బల్ల మీద పరిచే లేసు ముక్క) బొమ్మ డబ్బులు పెట్టి కొని, ప్రింటు తీసి పట్టుకెళ్ళాను, అక్కడ మంచి దారం దొరుకుతుంది కదా అని. ఏడో వరస దగ్గర పది రోజుల నుంచి ఆగిపోయి ఉన్నాను. ఎన్నిసార్లు విప్పి అల్లినా ఎనిమిదో వరసకి ఒక పక్క లాగేస్తోంది.

మంచం మీద ఆ కాగితం పరిచి కూర్చుంటే మామ్మ వచ్చి పక్కన కూర్చుంది. "ముగ్గా?" అంది.

"కాదు మామ్మా, లేసే. కాగితం మీద ఇలా గీసి ఇస్తారు."

కాగితాన్ని తీసుకుని కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది. శాంపులు పువ్వుని పట్టుకున్నట్టే. తిరగేసి కూడా చూసింది, వెనక ఏమీ లేకపోతే కాస్త చిరాకుపడింది. తర్వాత బొటనవేలి గోరు సరిగ్గా నడిమధ్యన పెట్టి, "ఇక్కణ్ణుంచి బయటికి, అవునా?" అంది. అవునన్నాను. గోరు మెల్లగా కదిలింది. ఉంగరం దాటింది. ఒక టీ మీద ఆగింది.

"ఈ అడ్డగీతలేంటే? కొన్నిటికి ఒకటుంది, వీటికి రెండున్నాయి."

చెప్పబోయాను. ఆవిడే అంది, "దారం ఎన్నిసార్లు చుడితే అన్ని గీతలు. సరే." నేను ఈ సంగతి తెలుసుకోవడానికి వెనక పేజీలో గుర్తుల పట్టిక చూడాల్సి వచ్చింది, చాలాసార్లు.

మాట్లాడకుండా పదిహేను నిమిషాలు తిప్పుకుంటూ కూర్చుంది. కాగితాన్ని తన చుట్టూ తిప్పుతూ, పెదాలు కదుపుతూ. బాబు వచ్చి కాగితం లాగబోతే మోచేత్తో ఆపింది. పేరు రాయడం రాని మనిషి. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను, ఏడో వరసలోకి వచ్చింది. విసనకర్రల్లా ఎనిమిది గుత్తులు ఉంటాయి అందులో. ఒక్కొక్కటీ దాటుతోంది, పొడుగు, పొడుగు, పొడుగు. ఆరో గుత్తి దగ్గర గోరు ఆగింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది.

"ఇక్కడ ఒకటి తక్కువ గీశాడు వీడు."

వంగి లెక్కపెట్టాను. మిగతా ఏడింటిలో తొమ్మిదేసి ఉన్నాయి. ఇందులో ఎనిమిది.

"అందుకే నీకు లాగేస్తోంది. తొమ్మిది వేసుకో," అని కాగితం నా ఒళ్ళో పడేసి లేచింది. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది. "ఇది అల్లితే ఎంతిస్తారంట?"

"ఇవ్వరు మామ్మా. ఊరికే నా కోసం. ఈ కాగితం నేనే డబ్బులిచ్చి కొనుక్కున్నాను."

"కాగితానికా?"

"ఊఁ. నాలుగు పౌండ్లు."

"మన డబ్బుల్లో చెప్పవే."

చెప్పాను. కాసేపు నన్నే చూసింది. తర్వాత కాగితం వైపు, ఆరో గుత్తి వైపు.

"తప్పుల కాగితానికి అంతిచ్చావా? మన ఏజెంటైతే వాడికి డబ్బులు కోసేసేవాడు," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.